మూడుసార్లు చేశానని రాసిన నంబర్లు

లారీల సర్వీస్ సెంటర్లో నా పని ఫోన్లు చేయడం. ఫోనంటే భయపడే నాకు ఆ పని పడడానికి కారణం తెలుగు. అక్కడ తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. ఒకరు మా సూపర్వైజరక్క, చింతాద్రిపేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం ఆమెది. రెండోదాన్ని నేను. సూళ్లూరుపేట నుంచి వచ్చి రాయపురంలో ఒక హాస్టల్లో ఉంటున్నాను. గదిలో మిగతా ఇద్దరూ తమిళంలో ఏవో చెప్పుకుని నవ్వుకుంటుంటే నేను గోడవైపు తిరిగి పుస్తకం తెరుస్తాను. వాళ్లు మంచివాళ్లే. మొదట్లో నన్నూ పిలిచేవారు, నేను వెళ్లకపోయేసరికి మానేశారు.

ఆ మధ్య కంపెనీ ఒక రకం పెద్ద లారీలను రీకాల్ చేసింది. అమ్మేసిన బండిలో లోపం ఉందని తెలిశాక వెనక్కి పిలిపించి ఉచితంగా బాగుచేసి ఇవ్వడం అన్నమాట. బ్రేకులకు గాలి తీసుకెళ్లే గొట్టం ఒకచోట ఇనుప చట్రానికి ఒరుసుకుంటోంది. ఒరిసి ఒరిసి పగిలిందంటే, బరువుతో పల్లంలో దిగుతున్న బండికి బ్రేకు పడకపోవచ్చు. బాగుచేయడానికి రెండు గంటలు చాలు. కంపెనీ ఇంగ్లీషులో ఉత్తరాలు పంపితే ఎవరూ రాలేదు. అందుకని ఫోన్లు. ఆంధ్ర బళ్ల జాబితా నాకిచ్చారు.

ఒక్కో బండి యజమానికి మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయాలి. అప్పటికీ ఎత్తకపోతే "దొరకలేదు" అని రాసి ఆ పేరు మూసేయవచ్చు.

మొదటి వారం బాగానే చేశాను. తర్వాత ఒకాయన, "మీకు బండి అమ్మేటప్పుడు లేదా ఈ తెలివి?" అని అరిచాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కానీ ఆరోజు మిగతావాళ్లకు చేయడానికి నా చేయి రాలేదు. నంబరు నొక్కి, ఒక్కసారి మోగగానే పెట్టేశాను. మూడు తేదీలు వేసి "దొరకలేదు" అని రాశాను. ఒకసారి అబద్ధం రాశాక రెండోసారి తేలికైంది. అలా పంతొమ్మిది పేర్లు మూసేశాను. డైరీలో కూవం నది మురుగు వాసన గురించి రాశాను, చదివిన కథ గురించి రెండు పేజీలు రాశాను. దీని గురించి ఒక్క ముక్క రాయలేదు.

"పరవాలేదే, నీ లిస్టే ముందు అయిపోతా ఉంది పా!" అంది అక్క. నేను తల వంచుకుని నవ్వాను.

ఒకరోజు పొద్దున షేర్ ఆటోలో పనికి వెళ్తున్నాను. హార్బర్ లోపలికి వెళ్లాల్సిన కంటైనర్ లారీలు ఎప్పటిలాగే రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. ఆటో ఆగి ఆగి కదులుతోంది. నా కిటికీ పక్కన ఒక లారీ నంబరు. చూడగానే గుర్తుపట్టాను. నేను అబద్ధం రాసిన మొదటి బండి అది.

ఆటో ముందుకు సాగింది. చాలా దూరం పోనిచ్చాను. తర్వాత దిగి వెనక్కి నడిచాను.

లారీ నీడలో ఇద్దరు డ్రైవర్లు పంపు స్టవ్ మీద టీ కాస్తున్నారు. నన్ను చూసి చిన్నాయన అన్నాడు, "అన్నో, ఫైను రాసేదానికి ఇప్పుడు ఆడపిల్లల్ని పంపిస్తా ఉండారు, లే!"

పెద్దాయన లేవలేదు. యాభై దాటి ఉంటాయి. "రాసుకోనీరా. ముందు టీ తాగనీ. ఏం పాపా, ఏం తప్పు చేసినాం?"

బండి ఎవరిదని అడిగాను. తనదేనన్నాడు. గొట్టం సంగతి తడబడుతూ చెప్పాను.

"ముందే ఒక ఫోన్ కొట్టుంటే వచ్చేవాడిని కదా?"

"చేశామండీ. మూడుసార్లు," అన్నాను. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "మూడుసార్లా? నాకు చేసేవాళ్లెవరు పాపా, ఒక్కటి మోగినా ఎత్తుతా. ఒకనాడు ఒక్కసారి మోగి ఆగిపోయింది. తిరిగి చేస్తే మీ ఆఫీసు పాట వచ్చింది. ఒకటి నొక్కు, రెండు నొక్కు అనింది. నొక్కినా. అంతసేపు పాట విన్యా, ఎవురూ రాలా."

"అన్నకి పాటలంటే పిచ్చి," అన్నాడు చిన్నాయన.

నాకు నవ్వు రాలేదు. "నేను చెయ్యలేదండీ. మూడుసార్లని రాశానంతే. భయమేసి పెట్టేశాను," అన్నాను.

"నా గొంతు ఇనకుండానే భయపడ్నావా?" అన్నాడు పెద్దాయన. తర్వాత ఆయన ముఖంలో నవ్వు పోయింది. "రేపు ఈడ దించేసి రాయచోటి పక్కకి పోవాల. ఆడ ఘాట్ దిగాల పాపా."

గ్లాసు కింద పెట్టి లారీ కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి, "రేపు దించినాక నేరుగా మీ కాడికే వస్తా. దావ చెప్పు," అన్నాడు. చెప్పాను. టీ ఇస్తానంటే వద్దని వచ్చేశాను.

ఆఫీసుకు వెళ్లి అక్కతో అంతా చెప్పాను. ఆమె జాబితా ముందుకు లాక్కుంది. "ఎన్ని?"

"పంతొమ్మిది."

"అయ్యో! ఇది నీ డైరీనా మా, నీకు తోచింది రాసుకునేదానికి?" అంది. నేను డైరీ రాస్తానని ఆమెకు తెలుసని నాకు తెలియదు. "పైవాళ్లకి నేను చెప్తా. ఏమంటారో తెలీదు. నువ్వు కూచో. ఇప్పుడే చెయ్. నా ఎదురుగా."

పేర్లన్నీ మళ్లీ తెరిచి చేయడం మొదలుపెట్టాను. కొందరు కసిరారు. ఒకావిడ తన భర్త బండి మీదే ఉన్నాడని చెప్పి, నేను చెప్పిందంతా మళ్లీ నాకు అప్పజెప్పింది, ఒక్క మాట కూడా వదలకుండా. మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన బండి తెచ్చాడు. మెకానిక్ విప్పిన గొట్టం పైపొర ఒకవైపు పూర్తిగా అరిగిపోయి, లోపలి అల్లిక కనిపిస్తోంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు. నేను గాజు తలుపు ఇవతలే నిలబడ్డాను. వెళ్లేటప్పుడు ఆయన నావైపు చూడలేదు.

వారంలో పద్దెనిమిది మంది దొరికారు. పంతొమ్మిదో నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వస్తోంది. బండి చేతులు మారిందట, కొన్నవాళ్లెవరో ఎవరికీ తెలియదు. మూడు రోజులు మూడుసార్లు చేశాను. నియమం ప్రకారం మూసేయమంది అక్క. నేను మూయలేదు. పొద్దున సీట్లో కూర్చోగానే మొదట ఆ నంబరుకే చేస్తాను, అదే మాట వస్తుంది, చివరిదాకా వింటాను.

నేను పెట్టేసిన రోజు అది మోగింది.