పళ్లెం ఖాళీ అయ్యేదాకా

"మేడం పోయినారు నాన్నా. ఏమీ చెప్పొద్దు. ఊరికే లైన్లో ఉండు."

మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి చెప్పిన కబురు ఇది. నేను బెంగళూరు కాడుగోడిలో, నా దుకాణంలో ఆటో సీటుకు రెక్సిన్ కుడుతున్నాను. మరణం అన్న మాట చెవిన పడగానే నా నాలుక మీదికి లేఖనం దానంతటదే వస్తుంది. ఆ రోజు దాన్ని పళ్ల వెనకే ఆపాను. మిషన్ ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను. అవతల బిడ్డ ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఉండావా?" అంది. "ఉండాను" అన్నాను. "సరే, క్లాసుకు పోతా" అని పెట్టేసింది.

పోయినావిడ మా అమ్మాయి చదివిన బడిలో కౌన్సిలర్. పిల్లల మార్కులు కాదు, మనసులు చూసే టీచరు. నిద్రలోనే గుండె ఆగిందట. అంత మందికి నిద్ర తిరిగి తెచ్చిన మనిషికి దేవుడు నిద్రలోనే పిలుపు పంపాడు. ఆ న్యాయం నాకు నచ్చింది.

నేను ఫోన్‌లో నోరు మూసుకుని కూర్చోవడం ఎంత పెద్ద సంగతో నన్నెరిగినవాళ్లకు తెలుసు. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. సీట్లు కుడుతూ, పక్కన పరిశుద్ధ గ్రంథం తెరిచి పెట్టుకుని నేర్చుకున్నదే నా చదువు. ఆదివారం మా రేకుల షెడ్డు మందిరంలో మైకు అందుకున్నానంటే ఇళ్లలో అన్నాలు చల్లారిపోవాల్సిందే. అలాంటివాడికి ఊరుకోవడం నేర్పిందావిడ. మన సంఘాల్లో బడి ఈడు పిల్లలున్న తల్లిదండ్రులు, బడుల్లో పనిచేసేవాళ్లు ఇది చదువుతారని రాస్తున్నాను.

అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మందిరంలో పాట ఎత్తుకునేది అదే. ఎప్పుడు మొదలైందో తెలియదు, ముందు పాట పోయింది. తర్వాత తిండి పోయింది. పొద్దున లేవమంటే గోడవైపు తిరిగేది. వాళ్లమ్మ "వయసు" అంది. నేను "శోధన" అన్నాను. ఉపవాసం పట్టాను, నుదుట నూనె రాశాను, మోకాళ్ల మీద రాత్రిళ్లు గడిపాను. ప్రార్థన చేసినందుకు నాకు ఈనాటికీ సిగ్గు లేదు, రేపూ చేస్తాను. కానీ బిడ్డ గోడవైపే ఉంది.

అప్పుడు బడి నుంచి పిలుపు వచ్చింది. గ్రంథం చంకన పెట్టుకుని, యుద్ధానికి పోయినట్టు పోయాను.

ఆవిడ గది వంటశాల పక్కన ఉండేది. ఒకప్పటి స్టోర్ రూము. తలుపు మీద బోర్డు లేదు. లోపల బల్లలు, మధ్యలో నానబెట్టిన అనపగింజల గిన్నె. చలికాలం కదా, బెంగళూరులో ఏ వంటింట్లో చూసినా అదే. పొట్టు పితికి తీస్తే అది పితికిపప్పు, ఆ బడి మధ్యాహ్నం సాంబారులోకి. అనపకాయ కాలం పోతే వేరుశనక్కాయలో, వెల్లుల్లో ఉండేవి. ప్రతి క్లాసు నుంచీ పిల్లలు వంతులవారీగా వచ్చి ఒలిచి పోయేవాళ్లు. అందుచేత ఆ గదిలోకి ఎవరు పోయినా పప్పు పనికే పోయారనుకునేవాళ్లు. ఎవరు కష్టం చెప్పుకోవడానికి పోయారో, ఎవరు క్లాసు ఎగ్గొట్టడానికి పోయారో బయటివాళ్లకు తెలిసేది కాదు. ఎంత తెలివి చూడండి! 'కౌన్సిలింగ్' అని బోర్డు పెట్టి ఉంటే ఏ పిల్ల ఆ గడప తొక్కుతుంది?

"నా బిడ్డకు ఏం పిచ్చి పట్టిందని పిలిచినారు?" అన్నాను గుమ్మంలోనే.

"పిచ్చి అనే మాట మీ నోట్లోంచే వచ్చింది, నేననలేదు. కూర్చోండప్పా." కోలారు వైపు తెలుగు ఆవిడది. "ఆ పుస్తకం కిటికీలో పెట్టండి. చేతులు తడవతాయి."

"ఎందుకు తడుస్తాయి?"

"సుమ్నె, ఊరికే కూర్చుంటారా? మధ్యాహ్నానికి సాంబారు కావాల."

గ్రంథం కిటికీలో పెట్టాను. అది నా చేతిలో లేకుండా ఒకరి ముందు కూర్చోవడం నాకు అలవాటు లేదు. గింజ పట్టుకుని నొక్కాను. నలిగిపోయింది. ఇంకొకటి, అదీ అంతే.

"మెల్లగప్పా. గట్టిగా నొక్కితే నలుగుతాది. వేలు ఆనించి చూడండి, అదే జారి వస్తాది."

నాలుగు గింజలు జారాక అసలు సంగతి చెప్పింది. చుట్టూ తిప్పకుండా, గొంతు తగ్గించకుండా చెప్పింది. మా అమ్మాయి తన స్నేహితురాలితో "నేను లేకపోతే అందరికీ హాయి" అన్నదట. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ స్నేహితురాలు వచ్చి మేడంకు చెప్పింది. ఇలాంటి మాట విన్నప్పుడు రహస్యం పాటించకూడదని మేడం క్లాసు క్లాసుకూ తిరిగి ముందే చెప్పి పెట్టి ఉంది.

"ఆ పిల్ల చాడీ చెప్పలేదప్పా, కాపలా కాసింది" అంది.

నా వేళ్ల మధ్య గింజ అలాగే ఉండిపోయింది. నాకు భయం వేస్తే గొంతు పెరుగుతుంది. ప్రాణం దేవుడిదని, దాని మీద మనిషికి హక్కు లేదని, సాతాను తంత్రమని, ఒక్క ఊపులో ఎత్తుకున్నాను. వంటామె గరిటెతో సహా తొంగి చూసింది. మేడం పితుకుతూనే ఉంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"ప్రసంగప్పా, మీ గ్రంథంలో చావు కావాలని అడిగినోడు ఒక్కడూ లేడా?"

"ఉన్నాడు" అన్నాను. ఎందుకు లేడు? ఆకాశం నుంచి అగ్ని దించిన ప్రవక్తే అడిగాడు. నిన్న అంత గెలిచినవాడు ఇవాళ అడవిలోకి పారిపోయి, ఒక పొద కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. ఆ ఘట్టం నేను ఎన్నిసార్లు గర్జించి చెప్పానో!

"అప్పుడు దేవుడు ఆయనకు ఏం ప్రసంగం చేసినాడు?"

గిన్నెలోంచి ఇంకో గింజ తీసుకున్నాను.

"ప్రసంగం చెయ్యలేదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టినాడు. తిని మళ్లా పండుకున్నాడు."

"మళ్లా లేపినాక?"

"మళ్లా రొట్టే."

"రెండోసారి కూడా రొట్టేనా!" ఆవిడ పక్కుమని నవ్వింది. "దేవుడే రెండు తూర్లు రొట్టె పెట్టి, నిద్ర పోనిచ్చి, ఆ తర్వాత మాట్లాడతా ఉండాడే! మీరు మొదటి రొట్టెకు ముందే మైకు పట్టుకుంటే ఎట్లప్పా?"

నాకు కోపం రావాలి. రాలేదు. గుండెల మీద నుంచి ఎవరో రాయి ఎత్తినట్టయింది. నా బిడ్డకు వచ్చినది ప్రవక్తకూ వచ్చిందే! అది పాపమైతే దూత రొట్టె ఎందుకు తెస్తాడు?

"రేపు బిడ్డతో రండి" అంది ఆవిడ. "పళ్లెం ఖాళీ అయ్యేదాకా మాట ఆ పిల్లదే. మీరు జవాబు చెప్పకూడదు. ఆమెన్ కూడా అనకూడదు."

మరునాడు ముగ్గురం కూర్చున్నాం. పళ్లెం నిండా గింజలు. గిన్నెలో పప్పు టపటపా పడుతోంది. చేతులకు పని ఉంటే కళ్లు కిందికి ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేనప్పుడు మాట బయటికి వస్తుంది. అది ఆవిడ కిటుకు.

"కారణం ఏమీ లేదు నాన్నా" అంది నా కూతురు, గింజతో చెప్పినట్టు. "అదే భయం. ఎవరైనా ఏమన్నా అని ఉంటే చెప్పేదాన్ని. నువ్వు రోజూ కారణం అడుగుతావు. నా దగ్గర లేదు. లేదని చెబితే నమ్మవని చెప్పలేదు."

ఒక్కొక్క మాటకూ నా దగ్గర ఒక్కొక్క వచనం లేచి నిలబడింది. పళ్లెంలో ఇంకా సగం గింజలున్నాయి. పితికాను. అమ్మాయి చెబుతూనే ఉంది. పొద్దున లేస్తే ఒంటి మీద తడి గోనెసంచి వేసినట్టు ఉంటుందని చెప్పింది. పాట నోటిదాకా వచ్చి చచ్చిపోతుందని చెప్పింది. పితికాను. చివరి గింజ జారేటప్పటికి నా వచనాలన్నీ కూర్చుండిపోయాయి. మిగిలింది ఒక్క మాటే.

"ఆకలేస్తోందా?"

"ఊ" అంది. ఎన్నాళ్లకో విన్న ఊ అది. వంటామె రాగిముద్ద, సాంబారు పెట్టింది. తిన్నది.

"ఇది మాట్లాడేదానికి మాత్రమేనప్పా" అని మేడం నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "పప్పుతో నయమయ్యేది కాదు. మందు డాక్టరే ఇయ్యాల." తానే బస్సెక్కి మాతో ఆసుపత్రికి వచ్చింది. వరుసలో మా వెనకే నిలబడింది. మందులు ఆపేద్దామని నేను తొందరపడ్డప్పుడల్లా, "మీ కుట్టుమిషనుకు నూనె వేస్తే విశ్వాసం తక్కువైనట్టా?" అని నోరు మూయించేది.

బడి కూడా తన వంతు చేసింది. కొన్నాళ్లు మధ్యాహ్నం పూట మాత్రమే రమ్మన్నారు. పరీక్షలు వెనక్కి జరిపారు. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని ఎవరూ అడగకుండా క్లాసు టీచరు ముందే చూసుకుంది. ఇవన్నీ ఊరికే జరగలేదు. ఆ బడిలో పొద్దున అసెంబ్లీలో పరీక్ష తప్పినవాళ్ల పేర్లు చదివే అలవాటు ఉండేది. మేడం ఎంత చెప్పినా ప్రిన్సిపాల్ దాన్ని మానలేదు. ఒకరోజు స్టాఫ్‌రూములో అందరి ముందూ మేడం, "రేపు మీ షుగర్ రిపోర్టు కూడా చదివిద్దాం సార్, పిల్లలకు తెలియాల కదా" అందట. ఆ మరునాటి నుంచి పేర్లు చదవడం ఆగిపోయింది. డ్రిల్లు సారు ఇంకో రకం. ఆయన ఈల రైల్వే స్టేషన్ దాకా వినబడేది. "పప్పు పితికితే మనసు బాగవుతుందా మేడం? నాలుగు రౌండ్లు పరిగెత్తిస్తే అన్నీ పోతాయి" అనేవాడు. ఆవిడ ఒప్పుకునేది. "పరిగెత్తించండి సార్, మంచిదే. పరిగెత్తలేనని కూర్చున్న పిల్లను మాత్రం మొద్దు అనకుండా నా దగ్గరికి పంపండి."

బడి పెద్దలారా, వినండి! మీ గోడల మీద ర్యాంకుల ఫోటోలకు చోటుంది. ఒక పిల్ల కూర్చుని, ఎందుకొచ్చావని ఎవరూ అడగకుండా, కాసేపు నోరు విప్పే చోటుందా? మందకు కాపరి కావాలంటారు. జీతానికి పెట్టుకున్న ఒక్క కాపరి మీద వదిలేసి మిగతావాళ్లు తప్పుకుంటే సరిపోదు. వ్యాను డ్రైవరు దాకా, వంటామె దాకా, అందరూ కనిపెట్టుకుని ఉండాలి, ఏ పిల్లా తప్పిపోకూడదు. సంఘ పెద్దలారా, మీరూ వినండి! మోకరించండి, కానీ ముందు అన్నం పెట్టండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఈ మూడింటి మధ్యా గొడవ లేదు.

ఒక సాయంత్రం స్నానాల గదిలో బక్కెట్ నిండే చప్పుడు మధ్య సన్నగా రాగం వినబడింది. పాట కాదు, పాట ముక్క. నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "స్తోత్రం అని అరవద్దు, ఆగిపోతుంది!" ఇద్దరం తలుపు బయట, దొంగల్లా, ఊపిరి బిగబట్టి విన్నాం. అంత హాయి నా జీవితంలో మళ్లీ ఎరగను.

మేడం పోయిందని తెలిసినప్పుడు నాకు దుఃఖం కంటే ముందు వచ్చింది భయం. ఆవిడతో ఆ గది కూడా పోతుందేమో, మళ్లీ స్టోర్ రూము అవుతుందేమో, అసెంబ్లీలో పేర్లు మళ్లీ మొదలవుతాయేమో అని. కర్మకాండ అయిపోయాక అమ్మాయీ నేనూ ఆ బడికి పోయాం. దోవ పొడుగునా బండి మీద నా వెనక కూర్చుని అది నా చొక్కా పట్టుకునే ఉంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. బోర్డు లేదు. అనపకాయ వాసన ముందే తగిలింది.

లోపల డ్రిల్లు సారు. ఆ పెద్ద మీసాల మనిషి పిల్లల పీట మీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చుని, లావుపాటి వేళ్లతో గింజ పితుకుతున్నాడు. నలిగింది పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. ఎదురుగా ఎనిమిదో తొమ్మిదో చదివే అమ్మాయి, తల వంచుకుని, చాలా మెల్లగా ఏదో చెబుతోంది. మమ్మల్ని చూశాడు. లేవలేదు, పలకరించలేదు. పళ్లెంలో ఇంకా గింజలున్నాయని కళ్లతోనే చెప్పాడు.

మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. నా కూతురు పెద్దగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. బెల్లు కొట్టారు. మైదానంలో ఏదో క్లాసు పిల్లలు డ్రిల్లు సారు కోసం కేకలు వేస్తున్నారు. ఆయన కదల్లేదు.

ఓరగా ఉన్న తలుపు సందులోంచి కిటికీ కనబడుతోంది. ఒకప్పుడు నా గ్రంథం పెట్టిన చోట, ఎర్ర తాడు చుట్టి, ఆయన ఈల ఉంది.