శ్రుతిపెట్టె అమ్మడానికి నాంపల్లి వెళ్లి

శ్రుతిపెట్టె అమ్మేయాలని నిర్ణయించింది నేనే. మా విమలకు పాటకు పనికివచ్చే గొంతు లేదని తేల్చిందీ నేనే.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడ్డాక కృష్ణా జిల్లా నుంచి జనగామ తాలూకా ఆఫీసుకు బదిలీ అయ్యాను. ఈ ఎనిమిదేళ్లలో ఊరి గ్రంథాలయంలో సంగీతం బీరువా మొత్తం చదివేశాను. ఇరవై రెండు శ్రుతుల పేర్లు వరుసగా చెప్పగలను. జనగామలో సంగీతం చెప్పేవాళ్లు లేరు కాబట్టి, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక మేష్టారి దగ్గర పాత శ్రుతిపెట్టె కొని, పన్నెండేళ్ల విమలకు పుస్తకం చూసి నేనే పాఠాలు మొదలుపెట్టాను. కింది వరుసలు ఎలాగో లాక్కొచ్చేది. పై స్థాయికి వెళ్లగానే గొంతు చీలిపోయేది. ఏడాది చూసి, ఇక చాలన్నాను. అది ఏడవలేదు. పెట్టెను పాత దుప్పటిలో చుట్టి మూల పెట్టింది.

దసరా సెలవుల్లో ఒక శనివారం ఉదయం ఆరుంబావు ప్యాసింజరు ఎక్కాం. పెట్టె అమ్మిన డబ్బుతో విమల చదువుకోవడానికి ఒక నిఘంటువు కొనిపెడతానని దాన్ని కూడా తీసుకెళ్లాను. పెట్టెను బల్ల కింద పెట్టమంటే వినకుండా ఒళ్లోనే ఉంచుకుంది. భువనగిరిలో సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ ఎక్కి మా ఎదుట కూర్చుంది.

"ఏంది బిడ్డా, దుప్పట్ల చుట్టినవ్? పిట్టలున్నయా?" అని అడిగింది.

"పాటల పెట్టె అవ్వా. అమ్మడానికి తీసుకుపోతున్నాం," అంది విమల.

"అయ్యో, గంత భద్రంగ పట్టుకున్నవ్, అమ్మెదానికా?"

విమల కిటికీలోంచి చూడసాగింది. నేను పేపరు విప్పాను.

తొమ్మిది నలభైకి నాంపల్లి. స్టేషను ఎదురుగా ఇడ్లీ తిని, నడుచుకుంటూ ఆబిడ్స్ వెళ్లాం. పావుగంట దారి, బస్సు అక్కర్లేదు. పాత వాద్యాలు కొనే దుకాణం పదిన్నరకు తెరిచారు. యజమాని తిత్తి నాలుగుసార్లు ఊది, చెవి దగ్గర పెట్టుకుని పెదవి విరిచాడు. "రేకులు కలవడం లేదు మాస్టారూ. నాంపల్లి స్టేషను వెనక సందులో ఈశ్వరయ్య అని మరమ్మతు చేస్తాడు. సరిచేయించి తీసుకురండి, సాయంత్రం లోపల కొంటాను."

వచ్చిన దారినే వెనక్కి నడిచాం. సందులో సైకిలు షాపు పక్కన, మూడు మెట్లు ఎక్కితే చిన్న గది. గోడలకు విప్పిన హార్మోనియాలు. అరవై దాటిన ఈశ్వరయ్య ముక్కు మీదికి జారిన అద్దాల పైనుంచి మమ్మల్ని చూసి, "కూసోండి సార్. జర టైం వడ్తది" అన్నాడు. పెట్టె విప్పి, స్వరాలు తెరిచే బిళ్లల్లో ఒక్కోదాని కింద రెండేసి ఇత్తడి రేకులు చూపించాడు.

నేను ఊరుకోలేదు. శ్రుతి అంటే ఏమిటో, దానికి ఇరవై రెండు భేదాలు ఎలా వస్తాయో వివరించాను. ఆయన ఓపిగ్గా విని ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇరవై రెండు తర్వాత జూద్దాం సార్. ముందుగాల ఒక్కటి వినుండ్రి."

తిత్తి ఊదాడు. నాకు మామూలు మోతే వినిపించింది.

"పెద్దగున్నదా, చిన్నగున్నదా అని జూడకుండ్రి. లోపల ఏమన్న వణుకుతున్నదా?"

కళ్లు మూసుకున్నాను. కాసేపటికి తెలిసింది. మోత నిలకడగా లేదు. కుండలో నీళ్లు కదిలినట్టు లోపల అలలు వస్తున్నాయి. ఆయన ఒక రేకు కొనను ఆకురాయితో రెండుసార్లు తాకించి మళ్లీ ఊదాడు. అలలు నెమ్మదించాయి. ఇంకొకసారి గీకాడు. ఆగిపోయాయి. రెండు మోతలు ఒకటై గది నిండా నిలబడ్డాయి.

"ఆగింది!" అన్నాను, గట్టిగానే.

"ఔ. గదే శ్రుతి."

ఏడాదిగా ఆ మాట మీద నేను విమలకు ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! దాన్ని చెవితో విన్నది మాత్రం ఇప్పుడే.

మిగతా రేకులు సరిచేస్తూ ఆయన అడిగాడు: "ఎవరు పాడ్తరు? పాపనా?"

"లేదండీ. దానికి గొంతు లేదు. అందుకే అమ్మేస్తున్నాం."

"ఎవరు జెప్పిన్రు?"

"నేనే."

"మీరు పాడ్తరా?"

"చదివాను."

ఆయన నవ్వలేదు. విమల వైపు తిరిగాడు. "ఏ బిళ్ల తీసి పాడ్తవ్ బిడ్డా?"

విమల ఒకటో అంకె మీద వేలు పెట్టింది. "నాన్న ఇదే తీయమన్నారు తాతా."

షడ్జమం మొదటి స్వరం. పెట్టె మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలున్నాయి. మొదటి స్వరానికి మొదటి బిళ్ల. ఇందులో ఆలోచించాల్సిందేముందని అప్పట్లో అనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"అరె సార్! ఎవరి షడ్జం వాళ్ల గొంతుల ఉంటది, అంకెల మీద ఉండదు. మీ చెప్పులేసుకొని ఈ పాప ఉరుకుతదా? ఒకటో బిళ్ల ఈ గొంతుకు మరీ కింద, అక్కడ నొక్కి పాడితే పైకి పోంగ చీల్తది. పెట్టె ఇడిసిపెట్టు బిడ్డా. ఊకె 'ఆ' అను, నీకు సుఖమున్న కాడ."

విమల నా వైపు చూసింది. తల ఊపాను. చిన్నగా 'ఆ' అంది. ఆయన ఒక్కో బిళ్లే తీసి మూస్తూ వచ్చాడు. ఐదో బిళ్ల దగ్గర పెట్టె మోత ఆ గొంతుతో కలిసింది. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వణుకు ఆగడం నేనే విన్నాను.

"ఇగ పైకి పో. ఫికర్ జెయ్యకు."

విమల ఒక్కో స్వరమే ఎక్కింది. గొంతు చీలే చోటు నాకు తెలుసు. చేతులు బిగించుకుని కూర్చున్నాను. ఆ చోటు దాటిపోయింది. పై షడ్జమం మీద నిలిచి, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే ఉంది. తర్వాత తనే ఇంకో మూడు మెట్లు ఎక్కింది.

"గొంతు లేదంట!" అన్నాడు ఈశ్వరయ్య, రేకుల మీద పెట్టె మూత బిగిస్తూ.

బయటికి వచ్చేసరికి ఒంటిగంట. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు నీడన పెరుగన్నం విప్పాం. సగం తిన్నాక విమల, "నాన్నా, ఆబిడ్స్ కొట్టాయన సాయంత్రం లోపల రమ్మన్నాడుగా" అని గుర్తు చేసింది. ఎప్పటి గొంతుతోనే అంది. అదే నాకు కష్టంగా అనిపించింది.

"వెళ్లం. పెట్టె నీది" అన్నాను. "నేను తప్పుగా చెప్పానమ్మా. ఏడాది పాటు."

అది నా చేతిలోకి ఇంకొంచెం పచ్చడి వేసింది.

నాలుగున్నర ప్యాసింజరులో తిరుగు ప్రయాణం. ఘట్‌కేసర్‌లో ఎదురు బండి కోసం ఆపేశారు. రైలుపెట్టె అంతా నిశ్శబ్దంగా ఉంది. విమల దుప్పటి విప్పి ఐదో బిళ్ల తీసింది. "నాన్నా, ఇప్పుడు మీకు పరీక్ష. చదివింది కాదు, విన్నది చెప్పాలి."

పాడింది. "కలిసింది" అన్నాను. మళ్లీ పాడింది. "కలిసింది." "కలవలేదు! కావాలనే తప్పు పాడాను," అని నవ్వింది. పక్కనున్న బట్టల వ్యాపారి, "సార్‌కి సున్నా మార్కులు," అన్నాడు.

సంగీతం రానివాళ్లు ఈ దారిలో వెళ్లాలనుకుంటే నేను చెప్పగలిగింది ఇదే: పుస్తకం చదివే వెళ్లండి, నష్టం లేదు. కానీ పాడే మనిషిని వెంట తీసుకెళ్లండి. ముందు వణుకు వినండి, తర్వాత అది ఆగడం వినండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయని ఈశ్వరయ్య అన్నాడు. నేను ఇంకా ఆ మొదటి మెట్టు మీదే ఉన్నాను.

ఎదురు బండి వెళ్లిపోయింది. మా బండి కదలకముందే విమల ఇంకోసారి గొంతెత్తింది. కళ్లు మూసుకున్నాను. మోత అడుగున సన్నగా, నీళ్లు కదిలినట్టు.

"తప్పు," అన్నాను.

విమల తిత్తి ఆపలేదు. వణుకు నెమ్మదించే దాకా, ఆగే దాకా, నా ముఖమే చూస్తూ గొంతును సరిచేసుకుంటూ వచ్చింది.