చేమంతి సెండు

ఎచ్చెర్ల యూనివర్సిటీకి డిగ్రీ పేపర్లు దిద్దడానికి వెళ్ళిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నా ఫోనుకి ఒక పాట వచ్చింది. పంపినాయన బరంపురంలో పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసే పెద్దమనిషి. 'మీరు వ్యాసం రాసిన ప్లేటే. మొత్తానికి మా మిషను బాగయింది, వినండి' అని కింద ఒక ముక్క రాశాడు. పులిహోర డబ్బా మూత తీసి పక్కన పెట్టి, తీగ చెవిలో పెట్టుకున్నాను. ముందు సూది రాపిడి, మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు. తరవాత హార్మోనియం. ఆ తరవాత పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతు. పాట చివర్లో పల్లవి మళ్ళీ అందుకున్నచోట, ఒక్క అక్షరం దగ్గర, నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. వెనక్కి జరిపి విన్నాను. మళ్ళీ విన్నాను. పక్కన కూర్చున్న ఎకనామిక్స్ మాస్టారు నా మొహం చూసి "ఏమండీ, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. అవునన్నాను. ఎప్పుడన్నాడు. నాలుగేళ్ళయిందన్నాను. ఆయన నా వంక ఓసారి చూసి, తన పెరుగన్నంలోకి వెళ్ళిపోయాడు.

ఆ గొంతు మా చిన్నమ్మమ్మది. అంటే మా అమ్మమ్మకి ఆఖరి చెల్లెలు. ఆ గొంతు ఆవిడది కాదని అచ్చులో రాసినవాణ్ణి నేను.

ఆరేళ్ళ క్రితం విజయనగరంలో సంగీతం మీద ఒక సావనీర్ వేయాలని నలుగురు పెద్దలు కమిటీ కట్టారు. వీణల మీద ఒకరు, హరికథల మీద ఒకరు రాస్తామన్నారు. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి పిచ్చుక బొమ్మ కంపెనీ నా వాటాకి వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీ పేరు ఎవరికీ గుర్తుండదు. మద్రాసులో ఒక సందులో పుట్టి పదేళ్ళు బతికి పోయిన చిన్న కంపెనీ. లేబులు మీద కొమ్మనెక్కిన పిచ్చుక ఉండేది కనక మా వైపు వాటిని పిచ్చుక ప్లేట్లనేవారు. మా నాన్న తరంలో ఆ కంపెనీవాళ్ళు ఒక శీతాకాలం ఉత్తరాంధ్ర వచ్చి, తొమ్మిది రోజులుండి, పాటలు పట్టుకుపోయారు. సంగీతం ఉన్న ఊరని ముందు విజయనగరంలోనే దిగారు. అద్దెకి తీసుకున్న మేడ పక్కన జట్కాల స్టాండు. ఏ పాట చెక్కినా అందులో ఒక గుర్రం సకిలించేది. విసిగిపోయి శ్రీకాకుళం తరలిపోయి, మిషన్ కాంపౌండులో మందపాటి గోడలున్న బడి హాలు ఒకటి అడిగి తీసుకున్నారు.

ఆ తొమ్మిది రోజుల సంగతులు నాకు ఇద్దరు చెప్పారు. ఒకరు కంపెనీ హార్మోనియం మాస్టారి కొడుకు, తండ్రి దగ్గర విన్నవి. రెండోది మా చిన్నమ్మమ్మ, తన కళ్ళతో చూసినవి. కిటికీలకి గోనెసంచులు కుక్కారట. గోడలనిండా కాంపౌండులో ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన బొంతలు వేలాడగట్టారట. ఎవరి బొంత ఎంత చిరుగో ఆ వారమంతా ఊరికి తెలిసిపోయిందని చిన్నమ్మమ్మ నవ్వేది. గంట కొట్టొద్దని పాస్టరుగారిని బతిమాలారు. వంటావిడ మేకని నది అవతలికి తోలించారు. ఎర్ర దీపం వెలిగితే దగ్గు వచ్చినవాళ్ళు దగ్గు మింగాలి. అప్పటికి పెద్ద కంపెనీలకి టేపులు వచ్చేశాయట గాని, పిచ్చుకవాళ్ళు ఇంకా మైనపు పళ్ళెం మీదే చెక్కుకునేవారు. ఒకసారి సూది దిగితే తుడవడానికి ఉండదు. పళ్ళేలు లెక్కగా తెచ్చుకున్నారు.

మద్రాసు నుంచి వచ్చిన గాయని పొందూరు దారిలో చెరుకురసం తీపికి లొంగిపోయి నాలుగు గ్లాసులు తాగింది. మర్నాటికి ఆవిడ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకా ఒక పాట మిగిలి ఉంది. ఆ సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలి. గుడిలో తొక్కుడు హార్మోనియం వాయిస్తూ కోయిర్‌ని నడిపించే అమ్మాయి పొద్దుటినుంచీ తలుపు దగ్గర నిలబడి ఆ పాట వింటోంది. హార్మోనియం మాస్టారు ఆ అమ్మాయిని పిలిచి పాడించి చూశాడు. అదీ చిన్నమ్మమ్మ చెప్పిన కథ. మాస్టారి కొడుకు చెప్పినదాంట్లో చెరుకురసం ఉంది గాని ఈ అమ్మాయి లేదు. గాయనికి మధ్యాహ్నానికల్లా గొంతు విచ్చుకుందని అతను విన్నాడు. ప్లేటు మీద ఆవిడ పేరే ఉంది. కంపెనీ పట్టికలోనూ ఆవిడ పేరే. ప్లేటు బరంపురం పెద్దమనిషి దగ్గర ఉంది గాని ఆయన మిషను అప్పుడు పాడయి ఉంది. లేబులు ఫొటో మాత్రం పంపాడు.

ఆ ఫొటో పట్టుకుని గరివిడి వెళ్ళాను. చిన్నమ్మమ్మ భర్త ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. ఆవిడ కొడుకు దగ్గర, అంటే మా మావయ్య ఇంట్లో, వీధి గదిలో ఉండేది. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి "పిట్ట బాగానే ఉన్నాది. పేరే నాది కాదు" అంది.

"మరి ఎందుకలా వేశారు చిన్నమ్మమ్మా?"

"కాయితాలు ముందే అచ్చయిపోనాయంటరా. ఈపాలికి ఇలగ పోనీ, మల్లీ వొచ్చినప్పుడు నీ పేరున ఇంకోటి ఏస్తాం అన్నారు. ఇంటికి ఒక పలేటు పంపుతామన్నారు. అదీ పంపనేదు. నా పాట నాను ఒక్క పాలీ ఇననేదురా."

ఆవిడ పాడింది పిల్లకి పూలు పెట్టే పాట. మద్రాసులో రాసిన కవికి మా ప్రాంతం మీద ఏం కక్షో, పల్లవి నిండా చకారాలు కుమ్మరించాడు. 'చిట్టి చేతికి చేరెడు చేమంతి చెండు' అని. మా జిల్లాల్లో చ అనే అక్షరం బడి పుస్తకంలోంచి వీధిలోకి రాదు. ఆ కష్టం ఆవిడ నాకు వివరించింది.

"మేస్టారు నన్ను పొద్దున్నించీ తినీసినాడురా. 'సెండు అనకమ్మా, సెండు అను' అంతాడు. నాను సెండు అంతాను. 'అద్గదీ, సెండు! ఇప్పుడు సరిగ్గా ఉన్నాది' అంతాడు. ఎర్ర దీపం ఎలిగింది. అంతా సరిగ్గా సెండు, సెండు అని పాడుకొచ్చినాను. ఆకర్న అయిపోనాది కదాని గుండె నిమ్మలించింది. ఆ సంబరంలో సెండు అనీసినాను. ఇంకో పల్లెం నేదు. అలగే ఉంచీసినారు."

నేను నవ్వాను. చిన్న నవ్వు కాదు, ఒళ్ళు ఊగేలా నవ్వాను. ఆవిడ నోట్లో తప్పూ ఒప్పూ రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"ఒకేలాగ ఎలగుంతాయిరా? ఒకటి తప్పు, ఒకటి రైటు" అంది చిరాగ్గా. "సదువుకున్నోడివి, నీకు తెల్దేటి?" అని, నేను పుస్తకం భాషలో ఏదో సర్దిచెప్పబోతే "ఒరే, రేడియోలాగ మాటాడకు. మీ యమ్మ నిన్ను ఇలగే కన్నాదేటి?" అని ఈనెలు నా మీద విసిరింది.

ఆధారం కావాలి చిన్నమ్మమ్మా, ఊరికే రాస్తే నా చుట్టానికని రాశాననుకుంటారు అన్నాను. ఆవిడ నాకంటే మంచి చరిత్రకారిణి. ఆధారం ఎక్కడుందో చెప్పింది.

"బరంపురమెల్లి ఆ పలేటు ఏసి ఇను. ఆకర్న నా తప్పుంతాది. ఆ తప్పు మద్రాసు మనిసి సెయ్యనేదురా, ఎంత కావాలనుకున్నా రాదు." చిక్కుడుకాయల వంక చూస్తూ, "నా పేరు అచ్చులో ఒక్క పాలి సూసుకుంతాను. మరేటొద్దు" అంది.

నేను బరంపురం వెళ్ళలేదు. విజయనగరం నుంచి మూడు గంటల రైలు. తన స్నేహితుడి దగ్గర నడిచే మిషను ఉంది, వస్తే వినిపిస్తానని ఆ పెద్దమనిషి రెండుసార్లు ఫోను చేశాడు కూడా. పరీక్షల డ్యూటీ ఉందన్నాను. అసలు కారణం అది కాదు. ఇది ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను. నేను చ పలకడం కష్టపడి నేర్చుకున్నవాణ్ణి. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా చేత 'చెప్పు' అనిపించి, నేను 'సెప్పు' అంటే నవ్వుకునేవారు. రెండేళ్ళు గదిలో తలుపేసుకుని సాధన చేశాను. చ రాని మనిషి గ్రామఫోను ప్లేటు మీద ఉండగలదని, అదీ నా ఇంటి మనిషని, నేను నమ్మదలచుకోలేదు. హాస్టల్లో వాళ్ళ నవ్వే గరివిడి మంచం దగ్గర నా నోట్లోంచి వచ్చింది.

పాటల చరిత్ర పాట వినకుండా రాశాను. ఊరుకున్నా బాగుండేది. ఆవిడ ప్రస్తావనే లేకుండా వదిలేస్తే సరిపోయేది. కాని పరిశోధకుడన్నాక అన్ని పక్షాలూ చూశానని కనిపించాలి కదా. 'ఈ పాట తామే పాడామని స్థానికంగా కొందరు చెప్పుకోవడం కద్దు. ఇటువంటి కథనాలకు ఆధారాలు లేవు' అని రాశాను. 'కద్దు' అన్న మాట పడినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. కమిటీ అధ్యక్షుడు సభలో ఆ రెండు వాక్యాలే చదివి, పరిశోధన అంటే ఇలా నిర్మొహమాటంగా ఉండాలని మెచ్చుకున్నాడు. శాలువా కప్పారు.

సావనీర్ ఒకటి గరివిడి వెళ్ళింది. నేను పంపలేదు. మావయ్యే గొప్పగా కొనుక్కెళ్ళాడు, మేనల్లుడి వ్యాసం పడిందని. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు కనక అత్త చదివి వినిపించింది. రెండు రోజులకి చిన్నమ్మమ్మే ఫోను చేసింది. "సదివించుకున్నానురా. బాగా రాసినావు. అచ్చరాలు మా పెద్దగా ఏసినారు" అంది. ఫోను పెట్టేసింది. నాకు ప్రాణం కుదుటపడింది. ఆవిడ పట్టించుకోలేదనుకున్నాను.

పట్టించుకున్న సంగతి అత్త చెబితే తెలిసింది, అదీ చాలా కాలానికి. ఆ ఏడు క్రిస్మస్‌కి గుడిలో ఎప్పటిలా ఒక కీర్తన ఎత్తుకోమంటే "నాను పాడతానని ఎవులు సెప్పినారు? ఆదారాలు నేవు" అందట. అందరూ నవ్వారట. అదే ఊతపదమయిపోయింది. అన్నం తిన్నావా అత్తా అంటే "తిన్నాను గాని ఆదారాలు నేవే". మాత్ర వేసుకున్నావా అంటే "ఆదారాలు నేవు". పక్కింటివాళ్ళకి కూడా అలవాటయింది. నేను వెళ్ళినప్పుడు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. కాఫీ తాగుతావేటిరా అనేది, అంతే. పాట మాత్రం ఆవిడ నోట మళ్ళీ ఎవరూ వినలేదు. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళిన నెలకి పోయింది. కరెంటు స్తంభాలు ఇంకా కొన్ని పడే ఉన్నాయి. సమాధుల తోట దగ్గర కోయిర్ పిల్లలు పాడుతుంటే నేను కూడా పెదవులు కదిపాను.

ఎచ్చెర్లలో పాట విన్న తరవాతి ఆదివారమే గరివిడి వెళ్ళాను. అత్త వంటింట్లో ఉంది. ఫోను గట్టిగా పెట్టి వినిపించాను. అత్త స్టవ్వు కట్టేసి నిలబడి విన్నది. పల్లవి నాలుగుసార్లు వస్తుంది. మూడుసార్లు 'చేమంతి చెండు'. ఒక్కో చకారం మీదా జారుతున్న గట్టు మీద కాలు మోపినంత జాగ్రత్త. నాలుగోసారి, గండం గడిచిందన్న తేలికలో, 'చేమంతి సెండు'. ఆ ఒక్క ముక్కలోనే ఆ పిల్ల నిజంగా నవ్వుతున్నట్టుంటుంది.

"మా యత్తే" అంది అత్త. కొంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే నా మీదికి తిరిగింది. "ఇప్పుడు తెచ్చినావేటి నాయినా? బరంపురం నిన్నగాక మొన్న కట్టినారేటి?"

ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాను.

తిరిగొచ్చి, నా వ్యాసానికి దిద్దుబాటు మొదలుపెట్టాను. సావనీర్ మళ్ళీ వేసేది లేదని కమిటీలో మిగిలిన ఒకాయన చెప్పాడు. ఈలోగా అదే పాట కంప్యూటర్లో కూడా కనపడింది. హైదరాబాదు కుర్రాడెవరో బరంపురంనించే తీసుకుని పెట్టాడు. గాయని పేరు, లేబులు మీదున్నదే రాసి, కింద ఆధారం అని నా వ్యాసం పేరు వేశాడు. నేనే ఆ వ్యాసకర్తని, అది తప్పు, అసలు పాడినామె ఫలానా అని అతనికి రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చాడు. 'సార్, మీ వ్యాసంలో ఇలాంటి కథనాలకు ఆధారాలు లేవని మీరే రాశారు కదా. కొత్త ఆధారం ఏమైనా దొరికిందా?' అని అడిగాడు. దొరికింది, ఆఖరి పల్లవి వినండి, అక్కడ చెండు కాదు, సెండు అని ఉంటుంది, ఆ తప్పు మా వైపు మనిషి తప్ప ఎవరూ చెయ్యలేరు అని రాశాను. రెండు రోజులకి జవాబు వచ్చింది.

'హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను సార్. నాకు రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.'

అతని తప్పు లేదు. రాపిడి ఎక్కువ, చెవి కొత్త. గరివిడిలో ఆ రోజు నేనన్న మాటే అతను అన్నాడు, కాకపోతే నవ్వకుండా అన్నాడు.

అందుకని ఇది రాస్తున్నాను. ఇలాంటి రాతల్లో మనుషుల పేర్లు దాచడం మర్యాద. పైన ఎవరి పేరూ రాయలేదు. ఒక్క పేరు మాత్రం దాచడానికి నాకు హక్కు లేదు. పిచ్చుక బొమ్మ ప్లేటు మీద చేమంతి చెండు పాట పాడినామె పేరు దయామణి. ఊరు శ్రీకాకుళం, మిషన్ కాంపౌండు. ఆధారం ఆ పాట చివర ఉంది. ఆ ప్లేటు తిరగడానికి మూడు నిమిషాలు చాలు. నేను బరంపురం రైలెక్కని రెండేళ్ళూ ఆవిడ గరివిడిలో బతికే ఉంది.