వసంతమ్మ హద్దురాయి

కాలువ నీళ్లు రెంజల్ దిక్కు రాకముందు వసంతమ్మ చెలకను ఎవరూ కన్నెత్తి చూడలేదు. జొన్న వేస్తే సగం ఎండిపోయేది. నీళ్లొచ్చిన ఏడాది పక్క పొలం ఆత్మారాం పటేలు చెరుకు వేయదలిచాడు. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే, హద్దురాయి పీకించి ఆమె చెలక నడుమ పాతించాడు. కాలువ వైపు భూమంతా ఆయనదైపోయింది.

అడగబోయిన ఆమె మొగుడు ఆశన్నను పటేలు మనుషులు చావగొట్టి పంపారు. మంచం పట్టినవాడు మళ్లీ లేవలేదు.

దినాలు కాగానే వసంతమ్మ చావడి ముందు నిలబడింది. "రాయికి కాళ్లొచ్చినయా? ఎవలు సూసిండ్రో చెప్పుండ్రి."

చావడిలో కూర్చున్నవాళ్లంతా నేల చూపులు చూశారు. ముసలి భూమన్న మెల్లగా అన్నాడు. "ఓపిక పట్టు బిడ్డా. పైనోడు సూస్తుండు. ఎప్పటికైనా న్యాయం జరుగుతది."

"పైనోని సంగతి నాకెందుకు బాపు? నువ్వు సూసినవా లేదా, గది చెప్పు."

భూమన్న తువ్వాలు దులుపుకుని లేచి ఇంటి దారి పట్టాడు.

బోధన్ పోయి అధికారికి మొర పెట్టుకుంది. సాక్షిని తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగితే ఇల్లిల్లూ తలుపేసుకుంది. అప్పటి నుంచి చెరుకు నాటినప్పుడల్లా, నరికినప్పుడల్లా గట్టు మీదికి వచ్చి కూలీలకు జరిగింది చెప్పేది. గెంటేస్తే మళ్లీ వచ్చేది. రాయి పీకిన పటేలు జీతగాడు బాలన్న ఎదురైతే మాత్రం ఏమీ అనక, వాడు తల తిప్పుకునేదాకా చూసేది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలైన ఏడు బాలన్న తోలే చెరుకు బండి బోల్తా పడింది. పటేలు నలుగురిలో వాణ్ని చర్నాకోలతో బాదాడు. తెల్లారి బాలన్న ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, రాయి పీకింది నేనే. కచేరిల చెప్త."

"నీ వీపు మీద పడితేగాని నోరు రాలేదా? ఆశన్నను కొడుతుంటె నువ్వాడనే ఉంటివి."

కూర్చోమనలేదు, మంచినీళ్లివ్వలేదు. ముందు తను నడుస్తూ వాణ్ని బోధన్ తీసుకుపోయింది. అధికారి మనుషులొచ్చి వాడు చూపిన చోట తవ్వితే రాయి మొదట పాతిన గుంత బయటపడింది. రాయి తిరిగొచ్చింది. ఆశన్నను కొట్టిన సంగతి మాత్రం ఎవరూ రాసుకోలేదు.

"నేను చెప్పలేదా బిడ్డా? న్యాయం దానంతట అదే వచ్చె," అన్నాడు భూమన్న.

వసంతమ్మకు ఒళ్లు మండింది. "దానంతట అది రాలే. నేను ఈడ్చుకొచ్చిన. నువ్వప్పుడే నోరిప్పితే గా ఏడే వచ్చేది."

ఆ పక్క ఊళ్లలో అన్యాయమైపోయిన వాళ్లకు ధైర్యం చెప్పాలంటే వసంతమ్మ పేరు చెప్పడం అలవాటైంది. ఓపిక పట్టమనడానికి తన పేరు వాడుతున్నారని తెలిస్తే ఆమె తిట్టేది.

దక్కిన భూమిలో పసుపు వేసింది. విత్తడానికి ఊళ్లోవాళ్లను పిలవలేదు. పుట్టింటి ఊరు మెండోర నుంచి మనుషుల్ని తెచ్చుకుంది.