పళ్ళకొట్టుకు కిటికీ

రెడ్డిగూడెం చుట్టుపట్ల మామిడి కాయించేవాళ్ళు వందలమంది ఉండేవారు. కాయను పండు చేయడం తెలిసినవాళ్ళు పదిమంది ఉండేవారేమో. ఆ పదిమందిలో నాగేంద్రమ్మ పేరు ముందు చెప్పేవారు. కాయను పెంచడం చెట్టు పని, దాన్ని నోటికి అందేలా చేయడం ఇల్లాలి పని అని ఆమె అత్తగారు అంటూండేది. ఆ విద్యను నాగేంద్రమ్మ కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే ఆవిడ దగ్గర నేర్చుకున్నది.

ఆ పనంతా పళ్ళకొట్లో జరిగేది. వంటింటికి ఆనుకుని, మూరెడు మందం మట్టిగోడలతో, అలికిన మట్టినేలతో, ఒక్క కిటికీ కూడా లేని చిన్న గది అది. వరిగడ్డి పరచి, చిన్నరసాలను తొడిమలు కిందికి ఉండేలా ఒద్దికగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి తలుపు మూసేది. నాలుగో నాటికల్లా వాసన బయలుదేరి, వసారాలో మంచం మీద ఉన్న ఆమె భర్త దశరథరామయ్యను పలకరించేది. ఏటా లాంతరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తూ నాగేంద్రమ్మ ఒకే మాట అనేది: “ఈ చీకటికొట్లో పడి నా కళ్ళు పోయేట్టున్నాయండీ. ఒక్క కిటికీ ఉంటే ఎంత బాగుండును.” జవాబు ఆశించి అన్న మాట కాదది. దశరథరామయ్య జవాబు చెప్పేవాడూ కాదు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. కాని విన్నదాన్ని మరచిపోయే మనిషి మాత్రం కాదు.

ఎనభై అయిదో సంవత్సరం మాఘమాసంలో వారి కూతురు సరోజను ముసునూరు ఇచ్చారు. పెళ్ళిపందిట్లో వియ్యపురాలు మాటల మధ్య, జూన్ తొమ్మిదిన తమ ఇంటాయన షష్టిపూర్తి అని చెప్పింది. నాగేంద్రమ్మ వెంటనే, “ఆనాటి విస్తళ్ళలోకి పళ్ళు మా ఇంటివి, వదినగారూ. మందు పెట్టి మగ్గించినవి కావు, మా కొట్లో గడ్డిలో మాగినవి. మూడొందలు తెస్తాను” అన్నది. వియ్యపురాలు ఆ మాటను పదిమందిలో మళ్ళీ చెప్పి మురిసిపోయింది. నాగేంద్రమ్మ తన జీవితంలో ఇచ్చిన మాటలు తక్కువ, తప్పినవి లేవు.

మే నెల రాగానే దశరథరామయ్య వింతగా ప్రవర్తించసాగాడు.

“ఏలూరులో మీ తమ్ముడి కొడుకు పెళ్ళి కదా. వారం ముందే వెళ్ళి సాయం చెయ్యి,” అన్నాడు.

“కాయల కాలంలో నన్ను ఎప్పుడైనా ఊరు దాటనిచ్చారా?”

“ఇంటి చెట్లు ఈ ఏడు ఆలస్యం. నెలాఖరుదాకా కోతకు రావు. వెళ్ళు.”

వెళ్ళింది. పెళ్ళి అయి, పెట్టె సర్దుకుంటూ ఉండగా భర్త దగ్గరనుంచి కార్డు వచ్చింది: విస్సన్నపేటలో మీ అక్కకు ఒంట్లో బాగా లేదట, చూసి రావలసినది. గుండె చేత్తో పట్టుకుని విస్సన్నపేటలో బస్సు దిగేసరికి, ఆ అక్కగారు వాకిట్లో రోకలి పుచ్చుకుని కారం దంచుతూ కనిపించింది.

“నాకేం రోగమే? రాయిలా ఉన్నాను. నిన్ను వారం రోజులు కదలనివ్వొద్దని మీ ఆయన ఉత్తరం రాశాడు. ఎటూ మేం తిరపతి వెళ్తున్నాం, నువ్వూ రా.”

అలా తిరుపతి కూడా అయింది. తిరుగు రైలులో నాగేంద్రమ్మ ఉండబట్టలేక అడిగింది: “అక్కా, ఆయనకేమన్నా జబ్బు చేసిందా? నా దగ్గర దాస్తున్నారా?”

“జబ్బు కాదులేవే. ముప్ఫై ఏళ్ళకి బుద్ధి పుట్టింది,” అని అక్కగారు అటు తిరిగి పడుకున్నది.

మే ఇరవై తొమ్మిదిన నాగేంద్రమ్మ ఇల్లు చేరింది. షష్టిపూర్తికి పదకొండు రోజులున్నాయి. ఎదురింట్లోనే ఉండే ఆడపడుచు వెంకాయమ్మ గుమ్మంలోనే ఆపింది. “కాళ్ళు కడుక్కుని తిన్నగా పళ్ళకొట్లోకి వెళ్ళు, వదినా. నువ్వేమంటావోనని మా అన్నయ్య మూడ్రోజులుగా సరిగా అన్నం తినట్లేదు.”

పళ్ళకొట్టు లేదు. ఆ చోట తెల్లగా సున్నం కొట్టిన గది ఒకటి ఉన్నది. నేలకు నాపరాళ్ళు పరచి ఉన్నాయి. పడమటిగోడలో నాలుగడుగుల కిటికీ, ఇనుపచువ్వలు, ఆకుపచ్చ రంగు రెక్కలు. అందులోంచి సాయంత్రపు ఎండ నేల మీద చాపలా పరచుకుని ఉన్నది. తాపీమేస్త్రీ సలోమోను పనిముట్లు కడుక్కుంటూ అన్నాడు: “ఎదురుగోడకి కూడా కంతలు పెట్టానమ్మగారూ, గాలి ఇట్టా వచ్చి అట్టా పోద్ది. ఇది కొట్టంటే ఎవరూ నమ్మరు, ఆసుపత్రి గదే.”

దశరథరామయ్య తలుపు పక్కన, భుజం మీది తువ్వాలు కొసను చుడుతూ నిలబడి ఉన్నాడు.

నాగేంద్రమ్మకు అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టలేదు. పండుకు కావలసినవి చీకటి, ఉక్క, కదలని గాలి. ఈ గదిలో ఆ మూడూ లేవు. కాని ఎదుట నిలబడిన మనిషి ముఖం చూసింది.

“బాగుందండీ,” అన్నది.

అబద్ధం కాదు. గది బాగానే ఉన్నది.

“పెరట్లో గాదె కూడా తీయించేద్దామనుకున్నాను,” అన్నాడాయన, మాట పెగిలి. “ధాన్యమంతా బస్తాల్లోనేగా ఇప్పుడు. మేస్త్రీకి తీరిక కుదర్లేదు.”

మర్నాడు చిక్కం కట్టిన గెడలతో ఇంటిచెట్ల కాయలు దింపించి, సొన కారనిచ్చి, నాలుగు వందలు ఆ కొత్త గదిలోనే వేసింది. ఆయన పొలం వెళ్ళగానే కిటికీకి గోనెపట్టా అడ్డం కట్టింది. తిరిగి వచ్చిన దశరథరామయ్య, పనివాళ్ళెవరో మరచిపోయారనుకుని దాన్ని విప్పి, మడతపెట్టి, అటకమీద పెట్టాడు. ఆమె మళ్ళీ కట్టలేదు.

మూడో రోజున గడ్డి తొలగించి చూస్తే కిటికీ వైపు కాయలు తోలు ముడతపడి ఉన్నాయి. మిగిలినవి రాళ్ళలా ఉన్నాయి.

“చెప్పెయ్యరాదూ?” అన్నది వెంకాయమ్మ. “మా అన్నయ్యేమన్నా పులా?”

“పులైతే ఎప్పుడో చెప్పేదాన్ని. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి ఆ రెక్కలు తెరిచి మూసి చూసుకుంటున్నారు. ఎట్లా చెప్పను?”

“అయితే ముసునూరుకు ముడతకాయలు పట్టుకెళ్తావా?”

ఒకవైపు నలుగురిలో ఇచ్చిన మాట. ఇంకొకవైపు, నోరు తెరిచి ఒక ముక్క అడగడం కూడా రాని మనిషి నెల్లాళ్ళు కష్టపడి ఇచ్చిన కానుక. ఏది నిలబెట్టినా రెండోది కూలేలా ఉన్నది.

ఐదో నాటి పొద్దున దశరథరామయ్య వసారాలో మంచం మీద లేచి కూర్చుని కాసేపు అటూ ఇటూ చూశాడు.

“ఏమే, ఈ ఏడు వాసన రాలేదేంటి?”

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది. ఆయనే లేచి లోపలికి వెళ్ళాడు. గడ్డి తీసి ఒక కాయను వేళ్ళతో నొక్కి చూశాడు. ముడతపడిన దాన్ని తీసి వాసన చూశాడు. తరవాత కిటికీ వైపు చాలాసేపు చూశాడు.

“గాలి ఆడితే మాగదు కదూ?”

“మాగదండీ.”

“మరి ఏటా కిటికీ కావాలన్నావు?”

“అన్నాను. అన్న మాటలన్నీ చేసిపెట్టమని అన్నవి కావండీ.”

ఆయన చేతిలోని కాయను మళ్ళీ గడ్డిలో పెట్టాడు. “సలోమోనుకు కబురు పెడతాను. ఇటుకలు పెట్టి మూసేస్తాడు.”

“ఆ కిటికీ జోలికి వెళ్ళారంటే ముసునూరుకు మీరొక్కరే వెళ్ళండి,” అన్నది నాగేంద్రమ్మ. అని, కళ్ళలో తడి ఆయనకు కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది. చువ్వల అవతల పెరడంతా కనిపిస్తున్నది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలోంచి ఎన్నడూ కనిపించని పెరడు. దాని నడుమ, వెదురుతడికకు మట్టీ పేడా మెత్తి, తాటాకు గొడుగు వేసిన ఖాళీ గాదె. చీకటి, ఉక్క, కదలని గాలి.

“తీయించకపోవడమే మంచిదైందండీ,” అన్నది.

గంటలో గాదెకు నిచ్చెన వేశారు. మోకాళ్ళ నొప్పులతో ఆమె లోపల వంగి కూర్చోలేదు కనుక దశరథరామయ్యే లోపలికి దిగాడు. ముడతపడ్డవి ఏరివేయగా మిగిలిన మూడు వందల ఇరవై కాయలను నాగేంద్రమ్మ నిచ్చెన మీదినుంచి ఒక్కొక్క గంపే అందించింది.

“తొడిమ కిందికి. కిందికండీ. ఒకదానికొకటి ఒరుసుకోకూడదు.”

“లోపల చీకటే. ఏమీ కనిపించట్లేదు,” అన్నది గాదె.

నిచ్చెన పట్టుకున్న వెంకాయమ్మ తల పైకెత్తి, “కిటికీ పెట్టించమంటావా, అన్నయ్యా?” అన్నది.

గాదెలోంచి దశరథరామయ్య నవ్వు వినిపించింది. ఆ నవ్వుకు వెదురుతడిక కూడా కదిలింది. ఆయన అంత పెద్దగా నవ్వగా విన్న గుర్తు నాగేంద్రమ్మకు లేదు.

మూడో నాడు తెల్లవారుతూనే ఆయన పెరట్లోకి వెళ్ళి గాదె పక్కన నిలబడ్డాడు. వచ్చి, “వచ్చిందే,” అన్నాడు. ఏమిటని ఆమె అడగలేదు.

ప్రయాణానికి ముందురోజు పళ్ళను కిటికీ కింద నాపరాళ్ళ మీద పరచి ఏరుకున్నారు. అన్నేళ్ళూ వేళ్ళతోనే పోల్చుకున్నదాన్ని ఆమె ఆ వెలుగులో మొదటిసారి కళ్ళతో చూసింది: తొడిమ చుట్టూ మొదలై కిందికి దిగే పసుపు, లాంతరు వెలుగులో ఎన్నడూ దొరకని సన్నటి మచ్చలు. మచ్చ ఉన్నవాటిని పక్కన పెట్టగా సరిగ్గా మూడు వందల నాలుగు తేలాయి. ఆ నాలుగింటినీ వెంకాయమ్మ చీరచెంగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ముసునూరులో పంక్తి చివర పళ్ళు వడ్డించినప్పుడు మాటలు ఆగిపోయాయి. వియ్యపురాలు వచ్చి నాగేంద్రమ్మ పక్కన కూర్చుని, “ఏం కొట్టండీ అది, వదినగారూ?” అని అడిగింది.

“మా ఆయన కట్టించినదండీ,” అన్నది నాగేంద్రమ్మ. గది కట్టించినదీ, గాదెలో పేర్చినదీ ఆయనే కనుక అందులో అసత్యమేమీ లేదు.

ఆ తరవాత ఏటా వైశాఖంలో దశరథరామయ్య తానే మట్టీ పేడా కలిపి గాదె మెత్తేవాడు. నాగేంద్రమ్మ కూడా ఒకటి నేర్చుకున్నది. ఒకనాడు నీళ్ళు తోడుతూ, “ఈ గిలక కిర్రుమంటోంది, పాడు బావి...” అనబోయి, అరుగు మీద భర్త తల ఎత్తడం చూసి, చేద అలాగే పట్టుకుని ఆగింది.

“బావి బాగానే ఉందండీ,” అన్నది. “గిలకలో రెండు చుక్కల ఆముదం వేస్తే చాలు.”