దోమలకు కాలిచ్చిన మనిషి

మా అమ్మ పంతులమ్మ. రాజోలు దగ్గర ఒక చిన్న ఊళ్ళో పనిచేసేది. పాఠం చెప్పేటప్పుడు బల్ల వెనక నుంచి కదిలేది కాదు. నల్లబల్ల మీద రాయాల్సి వస్తే ముందు కుచ్చిళ్ళు కిందికి లాక్కుని, చీర అంచు నేలకు తగిలిందో లేదో చూసుకుని, అప్పుడు తిరిగేది. ఆమె ఎడమకాలికి బోదకాలు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద అనుకునేవారు. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చుంటే, వెనక గోడ దగ్గర అమ్మ ఒక్కదాని కోసం ఒక కుర్చీ వేసి ఉంచేవారు. వాళ్ళది దయే. అయినా ఆ కుర్చీని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను జంతుశాస్త్రం చదివి, దోమల మీద పరిశోధన చేసి, కోనసీమలోనే ఉన్న ఒక పరిశోధన యూనిట్‌లో చేరినప్పుడు అమ్మ ఏమీ సంతోషించలేదు.

"ఇంత చదువూ చదివి దోమల్ని పట్టుకుంటావా?" అంది. మళ్ళీ తనే, "ఎవరైనా అడిగితే మా అమ్మ కాలు చూసి ఈ చదువు చదివేనని చెప్పకు" అంది.

చెప్పలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ఏదో పుస్తకంలో మాట అప్పజెప్పాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మా యూనిట్ అమలాపురం శివార్లలో ఒక అద్దె ఇల్లు. ముందు గదిలో మైక్రోస్కోపులు, వెనక గదిలో దోమల పంజరాలు. పొద్దున్నే జీపులో ఊళ్ళకు వెళ్ళి, ఇళ్ళ గోడల మీదా పశువుల సావిళ్ళలోనూ వాలి ఉన్న దోమల్ని పట్టుకొచ్చేవాళ్ళం. మధ్యాహ్నం నేను వాటిని ఒక్కొక్కటిగా గాజు పలక మీద ఉప్పునీటి చుక్కలో పెట్టి, రెండు సూదులతో చీల్చి, లోపల బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు ఉన్నాయేమో చూసేదాన్ని. ఉంటే దారప్పోగుల్లా మెలికలు తిరిగేవి. అదే నా పరిశోధన.

పట్టడం మాత్రం నాకు రాదు. డాక్టరేటు చేతిలో ఉంది గానీ మొదటిరోజు ఒక్క దోమ కూడా చిక్కలేదు. నాకు ఆ పని నేర్పినాయన కాట్రేనికోన వైపు మనిషి. మా యూనిట్‌లో దోమలు పట్టే ఉద్యోగి. ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టర్. తాత్కాలికం. ఏటేటా జాబితాలో పేరు మళ్ళీ రాస్తేనే ఉంటుంది.

"మా ఊళ్ళో నన్ను కలెక్టరు గారంటారండీ" అని ఆయనే నవ్వేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను మేడమ్ గారండీ అనేవారు, ఎంత చెప్పినా మానలేదు.

దోమలు పట్టడానికి ఒక గాజుగొట్టం, దానికి రబ్బరు గొట్టం, మధ్యలో సన్నటి వల ఉంటాయి. గాజుగొట్టం దోమ మీద పెట్టి రబ్బరు గొట్టంతో నోటితో పీల్చాలి. గట్టిగా పీలిస్తే దోమ నలిగిపోతుంది. మెల్లగా పీలిస్తే ఎగిరిపోతుంది.

"పాయసం వేడిగా ఉన్నప్పుడు గరిటె చివర్నించి పీలుస్తాం కదండీ, అలాగ" అని చూపించారు. టార్చి వెలుగులో గోడ చూస్తూ చెప్పుకుపోయేవారు. "అదిగో, తల కిందకి పెట్టి వెనకభాగం పైకెత్తింది, అది అనాఫిలిసండీ. మలేరియా వోళ్ళది. ఇదిగో, గూనిదాన్లా ఒంగి కూర్చుంది చూడండి, ఇది మందే." మందే అంటే మనదే, బోదకాలు తెచ్చేది. నేను మైక్రోస్కోపు కింద పెట్టి పుస్తకం తిరగేస్తే ఆయన చెప్పిందే తేలేది. ఆయన చదివింది అయిదో తరగతి.

ఇళ్ళలోకి వెళ్ళడం అంత తేలిక కాదు. కొన్నిచోట్ల గుమ్మంలోనే ఆపి, చాలా మర్యాదగా అడిగేవారు.

"మీదే ఊరండీ? ఇంటిపేరేంటండీ?"

చెప్పేదాన్ని. చెప్పాక ఆ గొంతులో మర్యాద తగ్గేది కాదు, దారి మాత్రం మారేది. "గేదెల సావిడి చూసుకోండమ్మా. లోపల దోమల్లేవులెండి." రిజిస్టరులో 'పడకగది చూడనివ్వలేదు' అని రాసుకునేదాన్ని. ఎందుకు చూడనివ్వలేదో రాయడానికి అందులో గడి లేదు. బాబాయ్ గారికి అర్థమయ్యేది. జీపెక్కాక, "దోమలకి లేని పట్టింపు మనుషులకెందుకో అండీ" అనేవారు.

గోడల మీద పట్టినవి కాక ఇంకో పద్ధతి ఉంది. ఏ దోమ మనిషిని కుడుతుందో, ఎన్ని కుడతాయో తెలియాలంటే మనిషే ఎరగా కూర్చోవాలి. పొద్దుగూకే వేళ ఇంటి అరుగు మీద స్టూలు వేసుకుని, పంట్లాం మోకాలిదాకా మడిచి, కాలు చాచి కూర్చోవాలి. దోమ వాలగానే, కుట్టకముందే, గొట్టంతో పట్టేయాలి. కాగితం మీద అంతే. కానీ కుట్టకముందు ఎన్నని పడతారు? వంతులవారీగా చేయాల్సిన ఆ పనిని మిగతావాళ్ళు ఏదో ఒక వంకతో తప్పించుకునేవారు. బాబాయ్ గారు తప్పించుకునేవారు కాదు.

"నాకలవాటే కదండీ. కానివ్వండి."

వంతుల కాగితం మీద సంతకం నాది. వారం వారం ఆయన పేరే వస్తోందని నాకు తెలుసు. తెలిసే పెట్టాను, ఎందుకంటే ఆయన కూర్చున్న రోజు గొట్టాలు నిండేవి. నా వ్యాసానికి ఆ దోమలు కావాలి. ఎరగా కూర్చునేవాళ్ళకు జబ్బు రాకుండా మాత్రలివ్వాలని, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాలని నియమం ఉంది. మొదటి ఏడాది ఇచ్చారు, చేయించారు. తర్వాత మాత్రలు రాలేదు. రెండుసార్లు గుర్తుచేస్తూ రాశాను. మూడోసారి రాయలేదు. మందుల షాపులో దొరికే మాత్రలవి. నేనే కొని ఇవ్వొచ్చన్న ఆలోచన ఆ రోజుల్లో నాకు రాకపోవడం ఎలా సాధ్యమో, ఇప్పటికీ నాకు తెలియదు.

వ్యాసం అచ్చయింది. రెండు చోట్ల మెచ్చుకున్నారు. చివర్లో 'క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఒక ముక్క ఉంది. ఎవరి పేరూ లేదు.

తర్వాత కొన్నేళ్ళకు, ఒక ముసురు రోజు ఆయన లాబ్‌కి ఆలస్యంగా వచ్చారు. చలితో వణుకుతున్నారు.

"రాత్రి జ్వరం తగిలిందండీ. గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఆరు నెలల్నించీ ఇలా వచ్చి పోతోందండీ."

చెప్పు విప్పమన్నాను. మొహమాటపడ్డారు. మళ్ళీ అడిగితే విప్పారు. పాదం మీద చెప్పు వారు లోతుగా అచ్చు పడి ఉంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు అమ్మ కాలికి నూనె రాసేటప్పుడు నా వేళ్ళు అలాగే గుంటలు చేసేవి. పరీక్ష అక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది.

"మందే కదండీ?" అన్నారు ఆయన.

"ఆయ్" అన్నాను.

మందులు వేయించాను. కాలు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకోవడం నేర్పాను. వాపు తగ్గలేదు. పొలం గట్ల మీద నడవడం కష్టమైంది. ఆయన ఒక అర్జీ పెట్టుకున్నారు. ఈ జబ్బు డ్యూటీలో వచ్చిందని గుర్తించమని, కూర్చుని చేసే పని ఏదైనా ఇమ్మని. అంతే అడిగారు.

మా యూనిట్ అధిపతి నన్ను పిలిపించారు. అర్జీ బల్ల మీద ఉంది.

"దీనిమీద మీరు అభిప్రాయం రాయాలండీ. ఈ జబ్బు డ్యూటీలోనే వచ్చిందని నిరూపించగలరా?"

"ఇన్నేళ్ళు ఎరగా కూర్చున్నారు కదండీ."

"ఆయన సొంతూళ్ళో దోమల్లేవా? ఇంట్లో కుట్టలేదా? సెంటిమెంటు వద్దు. సైంటిఫిక్‌గా చెప్పండి."

"ఫలానా దోమ అని ఎవరూ నిరూపించలేరండీ."

"అదే రాయండి." తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఈ ప్రాంతంలో జబ్బు దాదాపు పోయిందని మనం పైకి రిపోర్టు పంపుతున్న సమయం ఇది. మన మనిషికే వచ్చిందని మనమే రాసుకుంటామా చెప్పండి? మీ ప్రమోషన్ కాగితాలు కూడా ఈ నెలే కదా వెళ్ళేవి."

బెదిరింపులా అనలేదు. టీ తెప్పించి మరీ అన్నారు.

నేను రాశాను. 'ఈ వ్యాధి ఎప్పుడు, ఎక్కడ సోకిందన్నది శాస్త్రీయంగా నిర్ధారించడం సాధ్యం కాదు.' ఒకే వాక్యం. ఏ పరిశోధకుడి ముందు పెట్టినా తప్పు పట్టలేడు. అయితే ఆయన కాలి మీద పట్టిన దోమల్లో పురుగు పిల్లల్ని నేనే, నా కళ్ళతో, ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. రిజిస్టరులో ఉంది. అది రాయలేదు. మాత్రలు ఆగిపోయిన సంగతి రాయలేదు. వంతుల కాగితం మీద ఎవరి పేరు ఎన్నిసార్లు పెట్టానో రాయలేదు. వాటి గురించి నన్నెవరూ అడగలేదు కదా అని ఆ పూట నాకు నేనే చెప్పుకున్నాను.

అర్జీ తిరిగొచ్చింది, నా వాక్యమే జవాబుగా. మరుసటి ఏడాది జాబితాలో ఆయన పేరు లేదు. క్షేత్రంలో తిరగలేని మనిషి క్షేత్ర సిబ్బందికి ఎలా పనికొస్తాడన్నారు.

టార్చీ గొట్టాలూ అప్పగించడానికి వచ్చారు. గొట్టాలు శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చారు.

"ఆ కాగితం మా ఊళ్ళో మాస్టారి చేత చదివించుకున్నానండీ" అన్నారు. "మీరు రాసింది తప్పేం కాదండీ. నిజమే కదా, ఏ దోమ కుట్టిందో ఎవరికి తెలుస్తుందండీ?"

తిట్టినా బాగుండేది. నేను పైకి చూడలేక రిజిస్టరులో గొట్టాల లెక్క రాసుకున్నాను.

ఆ నెల నా ప్రమోషన్ వచ్చింది. ఆ తర్వాత పని డెంగీ వైపు మళ్ళింది. కొబ్బరి తోటల్లో చిప్పల గుట్టలు తిరగేసి, వాన నీళ్ళలో చారల దోమ పిల్లల్ని వెతికాం. పరికరాలు మారాయి, మనుషులు మారారు. బోదకాలు తగ్గిందన్న రిపోర్టుకు పెద్ద సభ జరిగింది, వేదిక మీద నాకూ శాలువా కప్పారు. కొన్నాళ్ళకు యూనిట్ ఎత్తేశారు. నేను రిటైరై అమలాపురంలోనే ఉండిపోయాను.

రిటైరయ్యాక పోగొట్టుకునేదేమీ లేదు కాబట్టి ధైర్యం వచ్చింది. దాన్ని ధైర్యమనాలో లేదో మరి. నా పాత నోటుపుస్తకాల్లోంచి వివరాలు తీసి, అప్పుడు రాయనివన్నీ రాసి, ఆయన్ని డ్యూటీలో జబ్బుపడిన మనిషిగా గుర్తించమని పై కార్యాలయానికి పంపాను. మూడుసార్లు పంపాక జవాబొచ్చింది. పాత రిజిస్టర్లు నియమం ప్రకారం తీసేశామని, తమ దగ్గరున్న కాగితాల్లో ఆ పేరుతో ఉద్యోగి ఎవరూ లేరని.

ఆ కాగితం పట్టుకుని కిందటేడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అమలాపురం నుంచి గంట ప్రయాణం కూడా కాదు.

ఆయన వీధి అరుగు మీద పీట వేసుకుని, బేసినులో కాలు కడుక్కుంటున్నారు. మెల్లగా, ఒక్కో మడతా విప్పి సబ్బు రాసి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తుతున్నారు. కాలు పూర్తిగా రూపు మారిపోయింది. నన్ను చూసి గబగబా పంచె కిందికి లాగబోయారు.

"మేడమ్ గారండీ! మీరెందుకొచ్చేరండీ ఇంత దూరం?"

ఆయన భార్య లోపల్నించి వచ్చారు. ఆయన పని పోయాక ఆవిడ కువైట్‌లో ఇళ్ళలో పనికి వెళ్ళి, చాలా ఏళ్ళు చేసి, ఈ మధ్యే తిరిగొచ్చారు. నన్నెప్పుడూ చూడలేదు. నేనెవరో ఆయన చెప్పగానే మొహం బిగుసుకుంది.

నేను ఉత్తరం చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే, నేను లేనా అండీ?" అన్నారు.

"కాగితాల్లో లేరని రాశారు, బాబాయ్ గారూ."

"జీపులో రోజూ తిరిగేం కదండీ. మీరున్నారు కదా."

ఆవిడ మాట్లాడారు. గొంతు పెంచలేదు. "అమ్మా, ఈయన కాలి మీద వాలిన దోమలకి పేర్లున్నాయి, లెక్కలున్నాయి అంట. మీకు పుస్తకాల్లో పేరొచ్చిందంట. ఈయన పేరొక్కటీ ఎక్కడా లేదు. ఇప్పుడీ కాగితం తెచ్చి వినిపించడం ఎవరి మనసు బాగుండడానికమ్మా?"

"ఊరుకోవే" అన్నారు ఆయన. "ఇంటికొచ్చేరు. ముందు కాఫీ పెట్టు."

ఆవిడ కదల్లేదు. "ఆవిడకి బస్సు టైమయ్యింది" అన్నారు.

కోనసీమలో గుమ్మం ఎక్కిన మనిషిని ఏమీ తాగమనకుండా పంపరు. నేను పుట్టి పెరిగిన నేల ఇది, నాకు తెలుసు. అవునండీ, టైమయ్యిందన్నాను. ఉత్తరం అరుగు మీద పెట్టబోయి, ఏం చేసుకుంటారని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఆయన సాగనంపడానికి గోడ పట్టుకుని లేవబోయారు. వద్దన్నాను. వినలేదు. తడి కాలితోనే గేటుదాకా వచ్చారు. వెనక నుంచి ఆవిడ, "తుడుచుకోకుండా నడవకండి, పుండు పడుద్ది" అన్నారు. అది ఒకప్పుడు నేను నేర్పిన మాట.