తేమ: వంద శాతం

నిజామాబాద్ ఐటీ ఊరు అవుతుందని మాకంటే ముందు కనిపెట్టింది ప్లాట్లు అమ్మేవాళ్లు. 'ఐటీ టవర్‌కు పది నిమిషాలు' అని డిచ్‌పల్లి దాకా బోర్డులు పాతారు. ఆ అద్దాల భవనంలోనే మాదొక చిన్న గది. నేను, కాలేజీలో నా జూనియర్ అయిన ఒక అమ్మాయి, ఇంతే కంపెనీ. సరుకూ ఒకటే: చెరకు తోటలో పాతే గొట్టం. మట్టిలో తేమ ఎంతుందో కొలిచి, తడి ఎప్పుడు పెట్టాలో రైతు ఫోన్‌కు చెబుతుంది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గిపోయారు. మళ్లీ తెరుస్తారన్న మాట విని, చెరకునే నమ్ముకున్నాం. ఈ యాసంగికి మాకు మిగిలింది ఒకే తోట. ఎడపల్లి దగ్గరి క్యాంపులో, తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతుది. పంట నరికాక మోళ్ల నుంచి పిలకలు లేస్తున్నాయి. పక్క జిల్లా ఫ్యాక్టరీలోని చెరకు ఆఫీసరు సోమవారం వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే తమ రైతులకు పెట్టిస్తాడు. లేకపోతే మేం గది ఖాళీ చేయడమే. ఆ అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఉంది. సోమవారం దాకా ఆగుతానంది.

గురువారం పొద్దున స్క్రీన్ మీద తేమ వంద చూపించింది. చెరకు తోటలో అంత రాదు. బైక్ మీద పోతూ కారణాలు వరుసగా పేర్చుకున్నాను. ఒకటి, గొట్టం పగిలి నీళ్లు చేరాయి. రెండు, ఎలుకలు వైరు కొరికాయి. మూడు, లెక్క కట్టే ప్రోగ్రాంలో నా తప్పు. మూడింటికీ సామాన్లు సంచిలో ఉన్నాయి.

పొలంలో ట్రాక్టర్ దమ్ము చేస్తోంది. పిలకలు లేవు. మడి నిండా బురదనీళ్లు, మధ్యలో మా గొట్టం ఒక్కటే నిలబడి ఉంది.

రైతు గట్టు మీద నుంచే చెయ్యూపాడు. "నీ గొట్టం జోలికి పోలేదబ్బాయ్! చుట్టూ తిప్పమని డ్రైవర్‌కి మరీ మరీ చెప్పా."

"తోటేది కాకా?"

"కాలువ వదిలారుగా, వరి వేసేస్తున్నా. మొన్న చూశావుగా, నరికేవాళ్లు దొరక్క, లారీ రాక, కోత అయ్యేలోపే చెరకు సగం నిలువునా ఎండింది. ఇంక నా వల్ల కాదు."

"ఒక్క మాట చెప్తే ఏమైతుండె? సోమవారం సారొస్తున్నడని చెప్తి గద."

"రానీ. వరికి పనికిరాదా ఇది?"

"వరిల ఎప్పుడూ నీళ్లే గద కాకా. ఇది రోజూ వందే సూపిస్తది."

"పోనీలే, నిజమేగా చెబుతోంది."

ఆయన వెక్కిరించలేదు, నన్ను ఓదార్చాలనే అన్నాడు. యంత్రంలో రాగల లోపాలన్నీ నాకు తెలుసు. పంటే ఉండకపోవచ్చని ఒక్కసారీ తోచలేదు.

అక్కడి నుంచే ఆఫీసరుకు ఫోన్ చేశాను. "ఇంకో తోటల పెట్టు తమ్మీ, ఒక పంట నడిపి సూపెట్టు. ఏడికి పోతం మేము?" అన్నాడు. ఒక పంట అంటే మళ్లీ ఏడాది. సరే సార్ అన్నాను.

ఆఫీసుకు వచ్చేసరికి కారిడార్‌లో లైట్లు వెలుగుతున్నాయి, మనుషులు లేరు. జరిగింది విని ఆ అమ్మాయి స్క్రీన్ మళ్లీ తెరిచి చూసింది. వంద. కాసేపటికి మళ్లీ వంద.

"గొట్టమన్న పట్కొస్తివా అన్నా?"

"లేదు."

"ఎందుకు?"

"దాని మీద కొంగ వాలింది. లేపబుద్ధి కాలే."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేది. "హైదరాబాదోళ్లకు ఏం రాయాల్నే?" అని అడిగింది.

చేరతానని రాయమన్నాను.